పాట మీద పేరెవరిది?

పాత పాటను కొత్తవాడు పాడుకోవచ్చునా? పాడుకోవచ్చు, పాడుకోవాలి కూడా. పాడేవాళ్ళు లేని పాట బావిలో పడ్డ చెంబు లాంటిది. ఉందని అందరికీ తెలుసు, దానితో ఎవరి దాహమూ తీరదు. అయితే పాడుకున్న తర్వాత ఆ పాట మీద ఎవరి పేరు రాస్తాం? దానివల్ల నాలుగు డబ్బులొస్తే ఎవరికి వాటా పెడతాం? మన వార్షికోత్సవ వేదికల మీద ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగడం లేదు గనక, మిత్రులారా, ఈ సంచికలో అడుగుతున్నాను.

ఎరిక్ క్లాప్టన్ అనే ఆంగ్లేయ రాక్ గిటారిస్టు 2004లో 'మీ అండ్ మిస్టర్ జాన్సన్' అనే ఆల్బమ్ తెచ్చాడు. అందులోని 14 పాటలూ రాబర్ట్ జాన్సన్‌వే. ఎవరీ జాన్సన్? అమెరికాలోని మిసిసిపి ప్రాంతపు నల్లజాతి గాయకుడు. ఒకరి పొలంలో పాలికి పత్తి పండించి, ఏడాది చివర లెక్క చూసుకుంటే అప్పే మిగిలే కుటుంబాల మధ్య పెరిగిన పాట బ్లూస్. ఆ పాటను ఒక్క గిటారు పట్టుకుని ఊరూరా తిరిగి పాడాడాయన. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో 29 పాటలు రికార్డు చేయించాడు. 1938లో, 27 ఏళ్ళ వయసులో పోయాడు. 1961లో కొలంబియా కంపెనీ వాటిలో కొన్నింటిని ఎల్.పి.గా వేసింది. ఆ తర్వాతే ఇంగ్లండు కుర్రకారు చాలామందికి ఆయన గొంతు పరిచయమైంది.

క్లాప్టన్ పాడితే ఆ గొంతులోని వేదన రాలేదనీ, అంతా నున్నగా చెక్కినట్టుందనీ అన్నవాళ్ళున్నారు. ఉండనీండి. ఆల్బమ్ పేరులోనే 'మిస్టర్ జాన్సన్' అని గౌరవంగా రాసుకున్నాడు. డల్లాస్‌లో జాన్సన్ పాడిన భవనానికే వెళ్ళి, అక్కడ కూర్చుని వాయించాడు. ఆ మాత్రం మర్యాద కూడా చూపనివాళ్ళెందరో! రోలింగ్ స్టోన్స్ బృందం 1969లో జాన్సన్ పాట 'లవ్ ఇన్ వెయిన్' పాడితే రికార్డు మీద వేరే పేరు పడింది. అదే ఏడు లెడ్ జెప్పెలిన్ తెచ్చిన 'హోల్ లాటా లవ్' మీద విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కాడు. 1987లో రాజీ కుదిరింది. ఆ తర్వాత గాని ఆయన పేరు చేరలేదు.

పేరులో ఏముందండీ అంటారా? చాలా ఉంది. క్లాడ్ జాన్సన్ అని మిసిసిపిలో కంకర లారీ నడుపుకునే మనిషి. ఆయన రాబర్ట్ జాన్సన్ కొడుకేనని 1998లో కోర్టు తేల్చింది, 2000లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తండ్రి పోయిన అరవై ఏళ్ళకు ఆ పాటల డబ్బు కొడుకు చేతికందింది. పాట మీద తండ్రి పేరు నిలబడి ఉండబట్టే కదా!

అయితే పేరొక్కటే రాస్తే బాధ్యత తీరదు. ఇదే క్లాప్టన్ 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీద వలస వచ్చిన నల్లవాళ్ళనూ మనవాళ్ళనూ వెళ్ళిపొమ్మని నోరు పారేసుకున్నాడు. ఎవరి పాటతో అన్నం తింటున్నాడో ఆ జాతినే! పాటకు దండం పెట్టి, పాడిన మనిషిని గడప బయట నిలబెట్టడం అంటే ఇదే.

ఈ జబ్బు మనకు లేదా? కిన్నెర మొగిలయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటలో రాష్ట్రాలు దాటి మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. పేరొచ్చిన మనిషి గతే ఇది. పేరు లేనివాళ్ళ సంగతి చెప్పాలా?

మన కలిగిరి, వింజమూరు, ఉదయగిరి పల్లెల్లో కలుపు తీస్తూ పాడే అమ్మలున్నారు, కోలాటం, చెక్కభజన నేర్పే గురువులున్నారు. వాళ్ళ దగ్గర నేర్చిన పాటను మనం వేదికెక్కి పాడి, కింద 'జానపదం' అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటాం. కలిగిరి వేలం కేంద్రానికి పోయి చూడండి. పొగాకు బేలు ప్రతిదానికీ ఒక చీటీ ఉంటుంది. అది ఏ రైతుదో, ఎంత ధర పలికిందో లెక్క తెలుస్తుంది. ఆకుకున్న చీటీ పాటకు లేకపోవడం చదువుకున్నవాళ్ళకు తలవంపులు కాదా?

జానపదానికి కర్త ఉండడు, అది అందరిదీ అని కొందరు అధ్యాపకులంటారు. నిజమే. కట్టినవాడు తెలియకపోవచ్చు. కానీ మనకు నేర్పిన మనిషి తెలుసు కదా? బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి పెద్దలు పల్లెపాటలను పోగుచేసి పుస్తకాలకెక్కించారు. వాళ్ళు పడ్డ శ్రమలో పదో వంతు మనం పడలేమా? జేబులో ఫోను, ఫోనులో రికార్డరు ఉన్న తరం మనది.

అందుకే విద్యార్థి సంఘానికి నా విన్నపం. సెలవులకు ఊరెళ్ళే ప్రతివాడూ ఒక పాటను, పాడినవారి అనుమతితో, రికార్డు చేసి తేవాలి. పాడినవారి పేరు, ఊరు, తేదీ ఒక పుస్తకంలో ఎక్కించి గ్రంథాలయంలో పెట్టాలి. పోటీల్లో పల్లెపాట పాడేవాళ్ళు ముందుగా అది ఎవరి దగ్గర నేర్చారో మైకులో చెప్పాలి. బహుమతి వస్తే అందులో సగం ఆ మనిషికి చేరాలి. వచ్చే వార్షికోత్సవానికి ముఖ్య అతిథుల వరసలో ఆ పాడే అమ్మకూ ఒక కుర్చీ వేయాలి. పాట ఆమె పాడుతుంది, మనం కింద కూర్చుని విందాం.