సిగార్ బాగుందంటే ఏం బాగున్నట్టు?

సిగార్ చేతికొస్తే మనలో చాలామంది ముందు చూసేది దానికి చుట్టిన కాగితం రింగుని. దాని మీద క్యూబా అని కనబడితే చాలు, "ఇది వేరే లెవెల్" అనేస్తాం. వృత్తిగా మార్కులేసేవాళ్లు మాత్రం ఆ రింగునే ముందు పీకేస్తారు. 1992లో అమెరికాలో మొదలైన 'సిగార్ అఫిసియొనాడో' పత్రిక సిగార్లకి వందకి ఇన్ని అని మార్కులిస్తుంది. రుచి చూసేవాళ్ల చేతికి వచ్చేసరికి అసలు రింగు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. బ్రాండు పేరు తెలిశాక నాలుక నిజం చెప్పదని వాళ్లకి బాగా తెలుసు.

మరి పేరు తీసేశాక ఏం చూస్తారు?

మొదటిది చేతిపని. సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపలి ఆకుల కట్ట ఫిల్లర్, దాన్ని బిగించి పట్టే ఆకు బైండర్, పైకి కనిపించే నున్నటి ఆకు ర్యాపర్. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోతే ఎక్కడా గట్టి ముడి గానీ, మెత్తటి గుంట గానీ తగలకూడదు. ముడి ఉంటే గాలి ఆడదు. గుంట ఉంటే అక్కడ వేడెక్కి గబగబా కాలిపోతుంది. పట్టుకుంటే ఆకు గరగరలాడిందంటే దాచడంలో తేడా వచ్చినట్టే. 65 నుంచి 70 శాతం తేమలో ఉంచేది అందుకే.

రెండోది వాసన. మూసి ఉన్న కొసని కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి లాగి చూస్తారు. గాలి కాస్త పట్టు ఇస్తూ రావాలి, ఖాళీ గొట్టంలోంచి వచ్చినట్టు రాకూడదు. ముక్కుకి అమ్మోనియా ఘాటు కొట్టిందా, ఆకు సరిగా మాగలేదన్నమాట. ఆరిన ఆకుల్ని పెద్ద పెద్ద మండెలు వేస్తే లోపల వాటంతట అవే వేడెక్కుతాయి. ఆ వేడికి మాగుతూ అమ్మోనియాని బయటికి వదిలేస్తాయి. దీనికి నెలలు పడుతుంది. ఎవరైనా తొందరపడితే ఆ సంగతి మీ ముక్కు పట్టేస్తుంది.

మూడోది నిప్పు. చుట్టూ సమానంగా కాలాలి. క్యూబాలో ఫిల్లర్ ఆకులకి మూడు పేర్లున్నాయి. మొక్క అడుగున కాసే వొలాడో బాగా అంటుకుంటుంది. మధ్యలోని సెకో సువాసననిస్తుంది. పైన ఎండకి బాగా కాగిన లిహేరో ఘాటుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది. అందుకే లిహేరోని సరిగ్గా నడిమధ్యలో పెట్టి చుట్టాలి. అది పక్కకి జరిగితే నిప్పు వంకర పోతుంది. ఇక మొదట్లో, మధ్యలో, చివర్లో రుచి ఎలా మారిందో విడివిడిగా రాసుకుంటారు. తోలు, కోకో, మిరియం అని వాళ్లు రాసేవన్నీ పోలికలే. అందులో ఎవరూ కోకో కలపలేదు.

బూడిద గురించి ఒక మాట. తెల్లగా ఉంటే మేలు రకం అంటుంటారు. అది నమ్మక్కర్లేదు. రంగు చాలావరకు నేలలోంచి ఆకుకి ఎక్కిన ఖనిజాలని బట్టి ఉంటుంది. బూడిద రాలకుండా పొడవుగా నిలబడితే మాత్రం లోపల తరిగిన ముక్కలు కాకుండా నిండు ఆకులు పెట్టారని ఊహించొచ్చు.

బూడిద అంటే షెర్లాక్ హోమ్స్ గుర్తొస్తాడు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో 140 రకాల పొగాకుల బూడిదల మధ్య తేడాల మీద తానొక పుస్తకం రాశానంటాడు. ఉదాహరణకి అతను చెప్పే పేర్లలో 'ఇండియన్ లుంకా' ఒకటి. అది ఎక్కడిదో కాదు, మన గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటు చుట్ట. అప్పటి ఇంగ్లిష్‌వాళ్లు లంకని అలా పలికారు. అంటే సిగార్ మనకి మరీ పరాయిదేం కాదు, మన చుట్టకి చుట్టమే.

ఆ చుట్టరికం ఇంకో విషయం కూడా చెబుతుంది. "సిగార్ పొగ మింగం కదా, నోట్లో తిప్పి వదిలేస్తాం, ఏం కాదు" అని చాలామంది ధీమా. సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ. దాంతో నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి దిగిపోతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్లే పని లేదు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోటికి, గొంతుకి, అన్నవాహికకి క్యాన్సర్ ముప్పు ఉంది. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. 1971లో వచ్చిన ఒక అధ్యయనం కోసం మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాసుల్ని పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల్ని నమోదు చేశారు. సిగార్ తాగే పద్ధతి అది కాదు, అడ్డపొగలో నోటికి తగిలే వేడి చాలా ఎక్కువ. కానీ మింగకపోతే చాలు అనుకునేవాళ్లు ఒకసారి ఆ అంగిళ్ల గురించి ఆలోచించాలి.

సాఫ్ట్‌వేర్‌లో టెస్టులన్నీ పాసయ్యాయంటే, మనం టెస్టు చేసినవి పనిచేస్తున్నాయని మాత్రమే అర్థం. రాయని టెస్టు గురించి ఆ పచ్చ టిక్కు ఏమీ చెప్పదు. సిగార్ మార్కులూ అంతే. 93 వచ్చిందంటే ఆకు పండించిన రైతుకి, ఓపిగ్గా మాగబెట్టినవాళ్లకి, బల్ల ముందు కూర్చుని చుట్టిన మనిషికి వచ్చినట్టు. ఆ పనితనం నిజం, దాన్ని మెచ్చుకోవడంలో తప్పు లేదు. తాగేవాడి నోటికి మాత్రం ఆ వందలో ఒక్క మార్కు కూడా కేటాయించలేదు.

ఇంకో సంగతి గమనించారా? నొక్కి చూడటం, ర్యాపర్ పరిశీలించడం, వాసన పట్టడం, గాలి లాగి చూడటం... ఆ పనితనంలో సగానికి పైగా అగ్గిపుల్ల గీయకముందే తెలిసిపోతుంది. అక్కడితో ఆపేస్తే పోయేదేం లేదు.