ఐదు సరిపోతే ఆరోదీ సరిపోతుందా?

4294967297 అనే సంఖ్యను ఒకసారి చూడండి. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు. ఇది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? బేసి సంఖ్య, కాబట్టి 2తో భాగం పోదు. అంకెల మొత్తం 59, కాబట్టి 3తో పోదు. చివర 0 గాని 5 గాని లేదు, 5తోనూ పోదు. 7తో, 11తో చేసినా శేషం మిగులుతుంది. ఇక్కడికి వచ్చేసరికి మనలో చాలామందిమి "ప్రధాన సంఖ్య" అని రాసేసి పెన్ను మూసేస్తాం.

ఫ్రాన్సు దేశపు గణిత మేధావి ఫెర్మా కూడా 1640లో ఇది ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి, ఒక్కొక్కదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ఘాతం 32. అప్పుడు వచ్చేదే మన సంఖ్య. ఐదు సరిపోయాయి కదా, ఇక అన్నీ అంతే అని ఆయన నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఆయనే చెప్పాడు.

92 ఏళ్ళ తర్వాత, 1732లో, పాతికేళ్ళ ఆయిలర్ దీన్ని 641తో భాగించి చూపాడు. శేషం సున్న! 641 × 6700417 = 4294967297. ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోతే 65,536 లోపే అవి 6,542 ఉన్నాయి. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది! ఆ వరసలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

నా అభిప్రాయం ఇది. నాలుగు ఉదాహరణలు చూసి సూత్రం కట్టేయకూడదు. గైడులో ఉంది కాబట్టి కరెక్టే అనకూడదు. పరీక్షల ముందు "ఎందుకు" అని అడిగే టైము ఎక్కడిది అంటారు కొందరు. కాని కారణం తెలిసిన సూత్రం మరిచిపోం. 10, 100, 1000 దేన్ని 3తో భాగించినా 1 మిగులుతుంది, అందుకే అంకెలు కూడితే చాలు. ఇది తెలిశాక ఇక బట్టీ పట్టే పనేముంది?

ఇంకో మాట. "గూడెం పిల్లలకు లెక్కలు రావు" అని బస్సుల్లో, సంతల్లో అంటుంటే వింటున్నాం. అది ఐదుగురిని చూసి అందరికీ కట్టిన సూత్రం. ఆరోవాణ్ణి ఎవరు పరీక్షించారు? వాళ్ళు అనడం కంటే, మనమే అది నమ్మి "లెక్కల్లో 35 వస్తే చాలు" అనుకోవడం పెద్ద నష్టం.

వార్డెన్ సార్లకు మనవి: వారానికి ఒకరోజు స్టడీ అవర్లో పావుగంట "ఎందుకు" అని అడగడానికి ఇప్పించండి. మిత్రులారా, నా మాటా ఊరికే నమ్మకండి. ఈ రాత్రి 641తో భాగహారం చేయండి. శేషం సున్న రాకపోతే ఈ పత్రిక కిందే రాయండి.