పాత కారుకు కొత్త రంగు చాలదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ రోజుల్లో పాత కారు బాగుచేసే సరదా వున్నట్లయితే, దాన్ని కూడా ఆ వరసలో చేర్చి వుండేవాళ్ళే. ఆ కష్టాన్ని కోరి నెత్తికెత్తుకునేవాళ్ళు ప్రపంచంలో తక్కువేమీ కాదు. ముఖ్యంగా 1960ల చివరి నుంచి జపాను తయారుచేసిన స్పోర్ట్సు కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు జపానులోనే కాదు, అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, బ్రిటన్‌లోనూ వున్నారు. మన రోడ్ల మీద ఆ కార్లు కనబడటం అరుదు. డాట్సన్ అనే పేరు మనలో చాలామందికి 2014లో వచ్చి 2022లో ఆగిపోయిన చిన్న కార్ల వల్లనే తెలుసు. అయినా వాటి గురించి మన సంచికలో రాయడానికి ఒక కారణం వుంది. యంత్రాన్ని బాగుచేయడం అంటే ఏమిటి, దాన్ని బతికించే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఆ కార్ల చరిత్రలో మంచి జవాబు దొరుకుతుంది.

నా వాదం ముందే చెప్పేస్తాను. పాత కారును తళతళలాడించి ప్రదర్శనలో నిలబెట్టినంత మాత్రాన దాన్ని పునరుద్ధరించినట్లు కాదు. అది రోడ్డు మీద నడవాలి, ఏళ్ళ తరబడి నడుస్తూ వుండాలి. ఆ పని ఒక్క యజమాని వల్ల అయ్యేది కాదు, కారును కన్న కంపెనీ కూడా అందులో పాలు పంచుకోవాలి. దేవకి కన్నది, యశోద పెంచింది అని మనం చెప్పుకుంటాం. పాపం దేవకి చెరసాలలో వుంది కాబట్టి బిడ్డను పంపించేసింది. కార్ల లోకంలోని దేవకికి ఏ చెరా లేదు. ఫ్యాక్టరీ ఆమెదే, డ్రాయింగులు ఆమెవే, అచ్చులు ఆమెవే. మరి చేతులు దులుపుకుంటే ఎలా?

ముందు ఆ కార్లేమిటో చూద్దాం. యుద్ధంలో దెబ్బతిన్న పరిశ్రమను ఇరవై ఏళ్ళలో లేవనెత్తుకున్న జపాను, 1967లో ఒకే ఏడాది రెండు గొప్ప కార్లను బజారులోకి తెచ్చింది. ఒకటి టొయోటా 2000జీటీ. యమహాతో కలిసి తయారుచేసిన ఈ కారు ఇంజను ఆరు సిలిండర్లది. 1970 వరకు తయారైనవన్నీ కలిపినా 351కి మించవు. రెండోది మజ్దా కాస్మో స్పోర్ట్. దాని ఇంజనులో పైకీ కిందకీ ఆడే పిస్టన్లు లేవు, మూడు మూలల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. 1969లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఫెయిర్‌లేడీ జడ్ అనే రెండు కార్లను విడుదల చేసింది. ఆ రెండోదాన్నే 2.4 లీటర్ల ఇంజనుతో, డాట్సన్ 240జడ్ పేరుతో అమెరికాలో అమ్మారు. అక్కడ నిస్సాన్ వ్యాపారాన్ని నడిపిన యుటాకా కటాయామా, ఫెయిర్‌లేడీ అనే పేరు ఆ దేశంలో నప్పదని పట్టుబట్టి ఈ పేరు పెట్టించాడు. ఆయన 2015లో 105 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. కారు మొదటి ధర 3,526 డాలర్లు. 1978 వరకు సాగిన ఆ తరం కార్లు అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, 240జడ్ జమీందార్ల కారు కాదు. నెల జీతగాడు కొనుక్కోగలిగిన స్పోర్ట్సు కారు. కనుక దాని పోషణ కూడా నెల జీతగాడికి అందుబాటులో వుండాలి. అదే అసలు పరీక్ష.

ఈ కార్లకు మొదటి శత్రువు తుప్పు. అప్పటి రేకు పల్చన, తుప్పు పట్టకుండా వేసిన పూత అంతంత మాత్రం. 240జడ్‌లో ముందు అద్దం కింద నీళ్ళు చేరే చోటు, బాటరీ కూర్చునే తట్ట, కాళ్ళ కింది రేకు, దానికి అడుగున వుండే చట్రపు పట్టీలు, వెనక చక్రానికి ముందున్న మూల, స్టెప్నీ గుంట అన్నీ తుప్పుకు కాపురాలే. అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంక చెప్పేదేముంది! బయట రంగు కింద చిన్న బుడగ కనిపించిందంటే, లోపల అరచెయ్యంత రేకు తినేసి వుండే అవకాశం వుంది.

ఇక్కడే మంచి పనివాడికీ, చెడ్డ పనివాడికీ తేడా తెలుస్తుంది. చెడ్డ పనివాడు ఆ బుడగను గీకి, పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టేస్తాడు. మంచి పనివాడు రంగంతా లేపి, కుళ్ళిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసి, అదే వంపులో కొత్త రేకు చేసి వెల్డింగు పెడతాడు. కంటికి కనబడని బోలు పట్టీల లోపల కూడా మైనం లాంటి పూత పట్టిస్తాడు. ఆ తర్వాతే రంగు మాట. పని అయిన రోజున రెండు కార్లూ ఒక్కలాగే మెరుస్తాయి. మొదటిది మేడిపండని రెండు మూడేళ్ళ వానలు కురిశాక గాని తెలియదు. అప్పటికి దాన్ని అమ్మినవాడు మరో కారు అమ్ముతూ వుంటాడు.

ఇక ఇంజను సంగతి. 240జడ్ ఇంజను గట్టి పిండం. అయితే గట్టిది కదా అని వదిలేస్తే ఊరుకోదు. ఇంజను వేడి మీద వున్నప్పుడు ఇన్‌లెట్ వాల్వు సందు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు వాల్వు సందు 0.30 మిల్లీమీటర్లు వుండాలి. ఫీలర్ గేజి దూర్చి చూసుకుని, స్పానర్లతో సరిచేసుకోవచ్చు. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు చేసి తనే చెబుతుంది. తక్కువైతే మాత్రం చప్పుడు చెయ్యదు. వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి బయటికి పోయే దారి లేక, మెల్లగా కాలిపోతుంది. ఆ తర్వాత సిలిండరు హెడ్డు విప్పక తప్పదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. ఆ కారుకు రెండు కార్బ్యురేటర్లు. రెండూ సమంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే ఇంజను కుంటుతుంది. గాలి కొలిచే చిన్న సాధనం వుంది, చెవి బాగా అలవాటుపడ్డవాళ్ళు గొట్టం పెట్టి విని కూడా సరిచేస్తారు. వీటిలో ఏ పనికీ పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒక షెడ్డు, ఒక మంచి మాన్యువలు, కాస్త ఓపిక వుంటే చాలు.

కారును నడపకుండా దాచిపెడితే ఇంకా భద్రం కదా అంటారు కొందరు. అది వట్టి భ్రమ. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బ్రేకు సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరు రంధ్రాలు పూడుస్తుంది. రబ్బరు గొట్టాలు ఎండి పగుళ్ళిస్తాయి. నడిచే కారు కన్నా నిలబడ్డ కారుకే కొన్ని రోగాలు ముందు వస్తాయి.

ఇప్పుడు వేలంపాటల సంగతి చూడండి. 2013లో ఒక 2000జీటీ పది లక్షల డాలర్లు దాటి పోయింది. 2020లో ఒక 240జడ్‌కు 3,10,000 డాలర్లు పలికింది. ఈ ధరల వల్ల ఒక మేలు లేకపోలేదు. తుక్కు కింద పోవలసిన కార్లు కొన్ని బతికాయి. కాని కీడే ఎక్కువ. అంత పోసి కొన్నవాడు దాన్ని రోడ్డెక్కించడానికి భయపడతాడు. బీరువాలో బంగారంలా కారు గరాజులో వుండిపోతుంది. నెల జీతగాడి కోసం పుట్టిన కారు నెల జీతగాడి చేతికి అందకుండా పోయాక, అది బతికినట్లా, పోయినట్లా?

కంపెనీలు అసలు ఏమీ చెయ్యడం లేదని అనను. అది అన్యాయం. హోండా 1990లో విడుదల చేసిన అల్యూమినియం శరీరపు ఎన్ఎస్ఎక్స్ కారును విప్పి, అరిగినవి మార్చి, తిరిగి బిగించి ఇచ్చే ఏర్పాటు 1993 నుంచే జపానులో చేసింది. మజ్దా 1989 నాటి తన మొదటి తరం రోడ్‌స్టరు కార్లను తానే పునరుద్ధరిస్తానని 2017లో ప్రకటించింది. మడిచే టాపు, పాత నమూనా టైర్లు కూడా మళ్ళీ తయారు చేయించింది. అదే ఏడాది నిస్సాన్ వాళ్ళు 1989 నాటి స్కైలైన్ జీటీ-ఆర్‌కు ఆగిపోయిన విడిభాగాలు మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారు. 2020లో టొయోటా కూడా పాత సుప్రాకు, 2000జీటీకి విడిభాగాలు చేస్తామని ముందుకొచ్చింది. మెచ్చుకోవలసిందే.

అయితే ఈ జాబితా మరోసారి చదవండి. అన్నీ పేరుమోసిన కార్లే, ధర పలికే కార్లే. అదే కంపెనీలు అదే కాలంలో చేసిన మామూలు కార్లను పట్టించుకునేవాళ్ళు తక్కువ. పేరున్న బిడ్డకే పాలు, మిగతావాళ్ళకు గంజి! అందుకని కంపెనీలను నేను అడిగేది భారీ ఖర్చు పెట్టమని కాదు. ఒక విడిభాగం తయారీ ఆపేముందు యజమానులకు చెప్పండి. ఆపేశాక దాని కొలతలు, డ్రాయింగు, లోహం వివరం అందరికీ తెలియజెయ్యండి. మీరు చెయ్యకపోతే చిన్న వర్క్‌షాపువాడు చేసుకుంటాడు. ఇది వ్యాపార రహస్యం అంటారేమో. యాభై ఏళ్ళ కిందటి తలుపు రబ్బరు కొలత దొంగిలించి బాగుపడే పోటీదారు ఎవడండీ? బ్రేకు, స్టీరింగు వంటి ప్రాణం మీదికొచ్చే భాగాలకు పరీక్ష, ధృవీకరణ పెట్టండి, ఎవరూ కాదనరు.

విడిభాగం కన్నా అరుదైనది పనితనం. దీనికి మజ్దా రోటరీ ఇంజనే సాక్ష్యం. మొదట్లో రోటరు మూలల్లో వుండే సీళ్ళు లోపలి గోడ మీద గీతలు పెట్టేసేవి. అవి దెయ్యం గోళ్ళ గీతలని ఆ ఇంజనీర్లే పేరు పెట్టుకున్నారు. కెనిచీ యమమోటో నాయకత్వంలో వాళ్ళు పట్టు వదలక, కర్బనం అల్యూమినియం కలిపిన సీళ్ళతో కాస్మో స్పోర్ట్‌ను గట్టెక్కించారు. రోటరీ కారు తయారీ 2012లో ఆగింది, 2023లో ఆ ఇంజను మరో కారులో బాటరీకి విద్యుత్తు పుట్టించే పనికి తిరిగొచ్చింది. ఆ ఇంజనును విప్పడం, సీళ్ళు మార్చడం పిస్టను ఇంజను మెకానిక్కుకు పుస్తకం చూసి ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. చేసినవాడి పక్కన నిలబడి నేర్చుకోవాలి. పోయిన సీలును మళ్ళీ చెయ్యవచ్చు గాని, చేతిలోని విద్య పోతే తెచ్చేదెవరు?

ఇక పెద్ద ఆక్షేపణ ఒకటి వుంది. పాత కార్లు పొగ కక్కుతాయి కదా, వాటిని బతికించడం నేరం కాదా అని. కొట్టిపారెయ్యదగ్గ ప్రశ్న కాదు. జపాను ప్రభుత్వం 13 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద వార్షిక పన్ను సుమారు 15 శాతం ఎక్కువ వేస్తుంది. పాతవి పోయి శుభ్రమైనవి రావాలన్నది దాని ఉద్దేశం. కార్బ్యురేటరు కారు పొగ నేటి కారు పొగ కన్నా చెడ్డదే, ఒప్పుకోవాలి. కాని రోజూ ఆఫీసుకు తిరిగే కారుకూ, ఆదివారం పూట నాలుగు మైళ్ళు తిరిగే కారుకూ ఒకే తూకమా? వయసు చూసి పన్ను వేసేకంటే, తిరిగిన దూరమూ, కక్కిన పొగా చూసి వెయ్యడం న్యాయం. పైగా సరిగ్గా సెట్ చేసిన ఇంజను తక్కువ పొగ వదులుతుంది. అంటే పోషణ బాగుంటే ఆక్షేపణ కూడా కొంత తగ్గుతుంది.

మార్పులు చెయ్యవచ్చా అనేది ఇంకో తగవు. నా మాట ఒక్కటే. వెనక్కి తీసుకోగలిగిన మార్పు చెయ్యండి, విప్పిన పాత భాగాన్ని పెట్టెలో దాచండి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెడితే తప్పు లేదు. చట్రం కోసి వేరే ఇంజను దూర్చితే మాత్రం తర్వాతి యజమానికి దారి మూసేసినట్లే.

చివరగా సోదర విద్యార్థులకు ఒక మాట. 240జడ్ నాటి కార్లు స్పానరుకూ, చెవికీ లొంగుతాయి. 1990ల కార్లు అలా కాదు. వాటి కంప్యూటరు పెట్టెల్లో కెపాసిటర్లు ముసలివై ద్రవం కార్చి, బోర్డులను తినేస్తున్నాయి. ఆ తర్వాతి కార్లలో సాఫ్ట్‌వేరు తాళాలు. వాటిని బతికించాల్సింది మెకానిక్కులు ఒక్కరే కాదు. తుప్పు తెలిసిన రసాయన శాస్త్ర విద్యార్థి, సర్క్యూటు తెలిసిన ఎలక్ట్రానిక్సు విద్యార్థి, యజమాని హక్కు తెలిసిన లా విద్యార్థి అందరూ కావాలి. మన ఇళ్ళలోని పంపుసెట్టుకూ, స్కూటరుకూ, ఫోనుకూ రేపు ఇదే ప్రశ్న వస్తుంది. పాడైన వస్తువును పారేసేముందు ఒకసారి విప్పి చూడండి. విప్పనివ్వని కంపెనీని ఎందుకు విప్పనివ్వవని అడగండి. చదువుకున్నవాళ్ళం మనమే అడగకపోతే, షెడ్డులో గ్రీజు చేతులతో వున్న మెకానిక్కు మాట ఎవరు వింటారు?