120 ఇటుకలు

నేనూ నా సహచరీ లండన్‌లో టేట్ మోడ్రన్‌కి ఒక పూట వెళ్లాం. ఒకప్పటి కరెంటు కేంద్రం, 2000 నుంచి మ్యూజియం. టికెట్ లేదు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు (అడిగింది రైల్లో కలిసిన తెలుగాయన).

అక్కడ కార్ల్ ఆండ్రే 1966 నాటి శిల్పం చూశాం. నేల మీద రెండు వరసల ఎత్తున పేర్చిన 120 కొలిమి ఇటుకలు, అంతే. ఇదీ కళేనా అని 1976లో అక్కడి పత్రికలు వెక్కిరించాయి. నేను వెక్కిరించను. ఇటుక ముందు మనిషిని ఆపి నిలబెట్టడం చిన్న పని కాదు. కానీ పక్కన పేర్చినవాడి పేరే ఉంది, కాల్చినవాళ్లది లేదు. నా సహచరి తల్లి పద్మనాభం దగ్గర బట్టీలో ఇరవయ్యేళ్లు ఇటుకలు మోసింది. రేపు విశాఖలో ఇలాంటిది కడితే ఆ పేర్లూ గోడకెక్కాలని మనం ఇప్పుడే అడగాలి.

రాత్రి ఆమెకి ఫొటో పంపాం.

“మూలలు బాగా కలిపాడు. కూలి ఎంతిచ్చారంట?” అంది.