పాలు కాచేదెవరు?

ఈమధ్య సభల్లో, పత్రికల్లో ఒక దిగులు తరచుగా వినబడుతోంది. మన పిల్లలు అంబలి మర్చిపోయారు, చద్దన్నం మర్చిపోయారు, అట్టపెట్టెలోంచి రాలే పొట్టును పాలల్లో నానబెట్టుకు తింటున్నారు, దీనికంతటికీ కారణం ఈ కాలపు తల్లుల బద్ధకం అని. దిగులుపడేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. అందులో ఆశ్చర్యమేమీ లేదు. కానీ మనలో కూడా కొందరు స్త్రీల సంప్రదాయ జ్ఞానమనీ, నేలతల్లి అనీ అంటూ అదే పాటకు తాళం వేస్తున్నారు. నా పేచీ ముఖ్యంగా వీళ్ళతోనే. కంపెనీతో పేచీ ఎలాగూ ఉంది, దాని సంగతీ చెప్తాను. అయితే కంపెనీని తిట్టడం సులువు. అమ్మమ్మ రోకలిని పొగడ్డం ఇంకా సులువు. ఆ రోకలి ఎత్తి వేసిన చెయ్యి ఎవరిదని అడిగితేనే అందరూ గొంతు సవరించుకుంటారు.

తిట్టేముందు తిని చూడాలి కదా. మా ఎంవీపీ కాలనీ ఇంట్లో ఒక ఆదివారం అయిదుగురం కూర్చున్నాం. నేను, పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక అక్క, ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండే స్నేహితురాలు, యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న అమ్మాయి, మా ఇంట్లో పనిచేసే ఆమె. బల్ల మీద కార్న్‌ఫ్లేక్స్, చాకోస్, మ్యూస్లీ, మసాలా ఓట్స్, రాగి బైట్స్. పక్కన రైతుబజారు దగ్గర కొన్న అటుకులు, బెల్లం, ఒక గిన్నెలో చోడి అంబలి.

నిజం చెప్పాలంటే కార్న్‌ఫ్లేక్స్ చల్లటి పాలల్లో మొదటి రెండు నిమిషాలు బాగుంటాయి. పేలాల వాసన, పంటి కింద కరకర. మూడో నిమిషానికి అవి తడిసిన అట్టముక్కలు. వేడి పాలల్లో అయితే ఆ రెండు నిమిషాల భోగం కూడా లేదు, పోస్తూండగానే గంజి. చాకోస్ వేసిన పాలు రెండో చెంచాకే గోధుమరంగుకు తిరుగుతాయి. పిల్లలకు ఇష్టం ఆ పాలే, లోపలి పెంకులు కావు. డబ్బా వెనక్కి తిప్పితే గోధుమపిండి తర్వాత రెండో పేరు పంచదార. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని నియమం కాబట్టి ఆ వరస చాలు, ఇక వేరే పరిశోధన అక్కర్లేదు. మ్యూస్లీలో కిస్‌మిస్ ఏరుకుని తింటే బాగుంటుంది, మిగతాది దవడలకు వ్యాయామం. మసాలా ఓట్స్ ఉప్మాకు దూరపు చుట్టం, పోపు పెట్టని పెళ్ళివంట. రాగి బైట్స్ కరకరలో అన్నిటికన్నా మిన్న. కానీ చోళ్ళు తిని పెరిగిన మా ఇంటి పనామె రెండు నమిలి, "ఏటమ్మా, చోళ్ళంటారు గానీ చోళ్ళ వాసనే లేదు, లోపలంతా చాకలెట్టే" అంది. అయిదుగురిలో నలుగురం పాలూ బెల్లమూ కలిపిన అటుకులకే ఓటేశాం.

అయిదో ఓటు రీసెర్చి అమ్మాయిది, కార్న్‌ఫ్లేక్స్‌కి. ఎందుకమ్మా అంటే, "రుచికి కాదు మేడమ్. హాస్టల్ గదిలో పొయ్యి లేదు. రాత్రి పదింటికైనా తెల్లారి అయిదింటికైనా డబ్బా విప్పి తినేస్తాను. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ వడ్డించక్కర్లేదు" అంది. అంబలి వ్యాసాలన్నీ ఒకవైపూ ఈ మాట ఒకవైపూ పెట్టి తూచినా నాకు ఈ మాటే బరువు. ఎవరికీ వడ్డించకుండా తన ఆకలికి తను తినడం మనలో ఎంతమందికి ఏ వయసులో దొరికింది?

అటుకులకూ కార్న్‌ఫ్లేక్స్‌కీ చుట్టరికం దగ్గరదే. వడ్లు నానబెట్టి, మూకుట్లో వేయించి, వేడిమీదే దంచి పలచన చేస్తే అటుకులు. మొక్కజొన్న నూక ఉడికించి, ఆరబెట్టి, రోలర్ల మధ్య నొక్కి కాలిస్తే కార్న్‌ఫ్లేక్స్. మన అటుకులు దంచిన ఆడవాళ్ళకు పేర్లు లేవు. అక్కడ మాత్రం పేరుంది, డబ్బా మీద ఉన్నది కేవలం ఇంటిపేరు, అదీ మగవాడి సంతకంలో. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ ఊళ్ళో జాన్ హార్వే కెల్లాగ్ అనే డాక్టరు నడిపిన శానిటోరియంలో ప్రయోగాల వంటగదిని చూసుకున్నది ఆయన భార్య ఎల్లా ఈటన్ కెల్లాగ్. 1892లో ఆమె 'సైన్స్ ఇన్ ది కిచెన్' అని పెద్ద పుస్తకమే రాసింది. 1896లో ధాన్యపు రేకుల పేటెంటు డాక్టరుగారి పేరున వచ్చింది. 1906లో కంపెనీ పెట్టింది ఆయన తమ్ముడు విల్ కీత్. డబ్బా మీది ఎర్రక్షరాలకు మూలం ఆ తమ్ముడి చేవ్రాలు. అన్నట్టు ఈ డాక్టరుగారే స్వీయసుఖం అలవాటైన ఆడపిల్లలకు జననాంగం మీద కార్బాలిక్ యాసిడ్ పూయమని 'ప్లెయిన్ ఫ్యాక్ట్స్' పుస్తకంలో సలహా ఇచ్చిన మహానుభావుడు. కారం, మసాలా, మాంసం కోరికలు రేపుతాయని, చప్పిడి తిండి వాటిని అణుస్తుందని ఆయన నమ్మకం. ఆ చప్పదనమే ఇప్పుడు పంచదార పూసుకుని మన బల్ల మీదికి వచ్చింది.

ఆ కంపెనీ 1994లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. మన పలహారాల్లో పోషకాలు తక్కువన్నట్టుగా ప్రకటనలు చేసి ఇల్లాళ్ళకు కోపం తెప్పించిందనీ, ఇక్కడ వేడి పాలు తాగుతారని తెలియక దెబ్బతిన్నదనీ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో పాఠంగా చెప్తారు. ఆ పాఠంలో చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ వేడి పాలంటే పొయ్యి మీద కాచిన పాలు. తెల్లవారుజామున విశాఖ డెయిరీ ప్యాకెట్టు గుమ్మంలో పడుతుంది. దాన్ని లోపలికి తెచ్చి, కడిగి, కత్తిరించి, పొంగకుండా దగ్గర నిలబడి కాచి, మీగడ తీసి, చాకోస్ తినేవాడికి చల్లార్చి, కార్న్‌ఫ్లేక్స్ తినేవాడికి గోరువెచ్చగా, మామగారి కాఫీకి సలసలా కాగేలా ఉంచాలి. ఆ గిన్నె అడుగంటితే తోమాలి. వండక్కర్లేని తిండి అని డబ్బా మీద రాసుకున్నవాడు ఈ గిన్నెను చూడలేదు. డబ్బాను తిట్టేవాడూ చూడలేదు.

ఈ ఊళ్ళో పొద్దుటి పలహారం సంగతి మాట్లాడాలంటే షిఫ్టుల సంగతి మాట్లాడాలి. స్టీల్‌ప్లాంట్‌లో ఏ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి. ఉక్కునగరం స్నేహితురాలి భర్తకు షిఫ్టులు మారతాయి, ఆమెకు మారవు, కలుస్తాయి. ఆయనకు ఏ షిఫ్టయితే అయిదింటికల్లా క్యారేజీ సిద్ధం కావాలి, అంటే నాలుగింటికి పొయ్యి. సి షిఫ్టయితే ఆరున్నరకు ఇంటికొచ్చి, వేడిగా రెండు అట్లు తిని పడుకుంటాడు. అదే సమయానికి పిల్లల స్కూలు బస్సు. ఆయన నిద్ర చెడకుండా మిక్సీ వెయ్యకూడదు కాబట్టి పచ్చడి రాత్రే నూరాలి. బి షిఫ్టు వారం కాస్త తెరిపి అనుకుంటే, ఆ వారం ఆయన పొద్దున్న ఇంట్లోనే ఉంటాడు కాబట్టి పదింటికి రెండో టిఫిను. ఆయనకు రాత్రి షిఫ్టు అలవెన్సు ఉంది, వీక్లీ ఆఫ్ ఉంది, యూనియన్ ఉంది. ఆమెకు ఉన్నది ఒక డబ్బా. పిల్లలకు అది వేసి పాలు పోసిన పొద్దున ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆ ఇరవై నిమిషాలు ఏం చేస్తావని అడిగాను. "బాల్కనీలో నిలబడతాను" అంది.

ఆ ఇరవై నిమిషాలకు ఆమె ఖరీదు కడుతోంది. కిలోకు లెక్కేస్తే కార్న్‌ఫ్లేక్స్ అటుకులకు నాలుగైదు రెట్లు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటును పూర్తిగా అమ్మేస్తామని నిర్ణయించిన దగ్గర్నుంచీ ఆ క్వార్టర్స్‌లో ఏ ఇంటికీ రేపటి మీద ధీమా లేదు. సరుకుల చీటీలో ముందు కొట్టేసింది ఈ డబ్బానే అంది స్నేహితురాలు. డబ్బు తగ్గినప్పుడల్లా ఆ తరుగు ఆడదాని నిద్రలోంచి పూడుతుంది. ఈ లెక్క ఏ యాజమాన్యమూ రాయదు, నిజానికి ఏ యూనియన్ కరపత్రంలోనూ నేను చదవలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె పుట్టిల్లు ఆ ప్లాంటు కింద పోయిన పల్లెల్లో ఒకటి. మెట్టనేలలో చోళ్ళూ గంటెలూ పండించుకున్న కుటుంబం. వాళ్ళలో ఒకరికి ఆర్ కార్డు మీద ఉద్యోగం వచ్చింది, మగవాడికే. ఆడవాళ్ళు గాజువాక, పెదగంట్యాడ ఇళ్ళలో అంట్లు తోముతున్నారు. 2021లో టాటా వాళ్ళు సోల్‌ఫుల్ కంపెనీని కొన్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఆమె చిన్నప్పుడు చోడి అంబలి తాగితే పేదరికం. ఇప్పుడు అదే గింజ చాక్లెట్టు కూరుకుని అట్టపెట్టెలో కూర్చుంటే ఆరోగ్యం. ఆమె ఖాళీ డబ్బా చెత్తబుట్టలో వేసి, టీలో బన్ను ముంచుకుని రెండో ఇంటికి వెళ్తుంది.

ఇక కంపెనీ. అది ఆడవాళ్ళకు తీరిక అమ్ముతున్నానంటుంది, వెనకనుంచి రెండు భయాలు అంటగడుతుంది. ఒకటి, తల్లి భయం. ఈ డబ్బా పెట్టకపోతే నీ బిడ్డ క్లాసులో వెనకబడతాడు. రెండోది, నడుము భయం. స్పెషల్ కె డబ్బా గుర్తుందా? రెండు వారాలు రెండు పూటలు అదే తిను, బట్టలు వదులవుతాయి. మొగుడికీ పిల్లలకూ కడుపు నిండా, ఆమెకు మాత్రం కొలిచిన గుప్పెడు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మన పాత అలవాటుకు కొత్త పేరు డైటింగు. ఇంటి చాకిరీని తగ్గించకుండా ఇల్లాలి తిండిని తగ్గించడంలో మా తాతమ్మ అత్తగారికీ ఈ బహుళజాతి కంపెనీకీ నాకు పెద్ద తేడా కనబడలేదు.

మళ్ళీ మన మిత్రుల దగ్గరికి వస్తాను. విమల 'వంటిల్లు' చదువుకున్న తరం మనది. అయినా అంబలి మాట రాగానే మన గొంతు ఎందుకు తడవుతుంది? చోళ్ళు చెరిగి, రాళ్ళేరి, తిరగలి విసిరి, జల్లించి, ముందురోజే పిండి కలిపి పులియబెట్టి, పొద్దున్నే ఉండకట్టకుండా కలియబెడుతూ నిలబడితే అంబలి. రుచి నిజం, బలం నిజం. తిరగలి పిడి కాయలు కాయించిన అరచెయ్యి కూడా అంతే నిజం. ఆ చేతుల్ని వదిలేసి కుండను మాత్రం మ్యూజియంలో పెట్టడం స్త్రీల జ్ఞానాన్ని గౌరవించడమా?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో మనుషుల సమయాన్ని లెక్కకట్టింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కకట్టింది. ఆడవాళ్ళు 289, మగవాళ్ళు 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు తగ్గింది పది నిమిషాలు, మగవాళ్ళకు తొమ్మిది. మొత్తం మగవాళ్ళలో ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ళే పావువంతుకు కాస్త ఎక్కువ. ఎన్ని డబ్బాలొచ్చినా, ఎన్ని వెట్‌గ్రైండర్లు తిరిగినా పని చేతులు మారలేదు. అందుకే డబ్బా మంచిదా అంబలి మంచిదా అన్న చర్చలో నాకు ఆసక్తి లేదు. ఆ చర్చ ఎటు తేలినా పొయ్యి దగ్గర నిలబడేది ఒకతే.

పలహారం ఇంట్లోనే, ఇల్లాలే చెయ్యాలన్న శాసనం ఎక్కడుంది? 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి పైబడిన చోట క్యాంటీను నడిపించాలన్న అధికారం ప్రభుత్వాలకిచ్చింది. అంటే పనివాడి ఆకలి పరిశ్రమ బాధ్యత కూడా అని రాజ్యం ఎప్పుడో ఒప్పుకుంది. తమిళనాడు 2022లో బడిపిల్లలకు పొద్దుటి పలహారం మొదలుపెట్టింది. మన దగ్గర 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇచ్చారు. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకు ఇడ్లీ పెడుతున్నారు. ఇవన్నీ ఆడవాళ్ళ పొద్దుటి గంటను కొంతయినా తిరిగి ఇచ్చే పనులు, ఎవరూ వాటిని ఆ కళ్ళతో చూడరు, ఓట్ల కళ్ళతో తప్ప. అక్కడా ఒక మెలిక ఉంది. బడిలో వండేది మళ్ళీ ఆడవాళ్ళే. మన రాష్ట్రంలో వాళ్ళ గౌరవ వేతనాన్ని 2019లో నెలకు వెయ్యి నుంచి మూడు వేలకు పెంచి, పెంచామని చెప్పుకున్నారు. గౌరవమట! నెలకు మూడు వేలు అంటే రోజుకు వంద. ఇంట్లో ఉచితంగా చేసే పని బయటికొచ్చినా ఆ ఉచితం వాసన వదల్లేదు. వంట పనిని నైపుణ్యంగా లెక్కకట్టి, పూర్తి కూలి ఇచ్చి, మగవాళ్ళను కూడా ఆ పొయ్యి దగ్గరికి తీసుకొచ్చే వంటశాలలు వాడవాడకూ కావాలని అడగడానికి మనకెందుకు మొహమాటం? చోడి అంబలి అక్కడ కాయండి, రోజూ వెళ్ళి రెండు గ్లాసులు తాగుతాను.

ఈలోగా హాస్టల్ అమ్మాయి డబ్బా జోలికి, బాల్కనీలో నిలబడే ఆమె ఇరవై నిమిషాల జోలికి ఎవరూ రావద్దు. అంబలి మీద వ్యాసాలు రాసే మిత్రులు రాస్తూనే ఉండవచ్చు. ఒక్కటే కోరిక. వ్యాసం చివర మీ పేరు కింద, ఆ రోజు మీ ఇంట్లో మొదటి పొయ్యి ఎన్ని గంటలకు వెలిగిందో, ఎవరు వెలిగించారో కూడా రాయండి.