తీగ ఊడితే తెర ఏమైనట్టు?

ల్యాప్‌టాప్ పక్కన మరో మానిటరు పెట్టుకునే ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. దాని తీగ పీకగానే అందులోని విండోలన్నీ బిలబిలమంటూ వచ్చి చిన్న తెరమీద పడతాయి. మళ్ళీ తగిలిస్తే కొన్ని బుద్ధిగా తమ చోటికి వెళతాయి, కొన్ని వెళ్ళవు. ఈ రాకపోకలకు మూలం డిస్‌ప్లే డ్రైవరు. బండి తోలే డ్రైవరు కాదు లెండి. కంప్యూటరు లోపల తెరల లెక్క రాసే గుమాస్తా అనుకోండి.

ప్రతి మానిటరు కడుపులోనూ దాని జాతకం ఉంటుంది. 1994లో ఏర్పడిన పద్ధతి అది, పేరు ఇ.డి.ఐ.డి. మూల భాగం 128 బైట్లు మాత్రమే. తయారుచేసినవారి మూడక్షరాల గుర్తు, పుట్టిన సంవత్సరం, ఏయే కొలతల్లో బొమ్మ చూపగలదో అన్నీ అందులోనే. మామూలు హెచ్.డి.ఎం.ఐ. తీగలో 19వ పిన్ను పని "తెర వచ్చింది" అని కబురు చెప్పడం. కబురు రాగానే గుమాస్తా జాతకం చదువుతాడు. కబురు ఆగితే ఆ తెర పేరు కొట్టేస్తాడు. లినక్సులోనైతే జాతకం కాగితమే ఖాళీ చేస్తాడు. అది న్యాయమే. లేని తెరను ఉన్నట్టు రాసుకుంటే, మౌసు బాణం అటు వెళ్ళి కనబడకుండా పోతుంది!

చిక్కల్లా ఎక్కడంటే, కొన్ని మానిటర్లు, ముఖ్యంగా డిస్‌ప్లేపోర్టు తీగ ఉన్నవి, గాఢనిద్రలోకి జారుకుంటూ ఆ కబురు కూడా ఆపేస్తాయి. పాపం, గుమాస్తాకు నిద్రపోయినవాడికీ ఊరు వెళ్ళినవాడికీ తేడా తెలియదు. మా వ్యాకరణంలో లోపమంటే కనబడకపోవడమే. అతని లెక్కలో మాత్రం కనబడకపోతే లేనట్టే.

అందుకే విండోస్ పాత తెరల జాతకాలకు నకళ్ళు తీసి దాచుకుంటుంది. 2021లో వచ్చిన విండోస్ 11లో, ఏ విండో ఏ తెరమీద ఉండేదో గుర్తుంచుకొనే ఏర్పాటూ ఉంది. ఒకే రకం మానిటర్లు రెండు కొని, వాటి జాతకాల్లో క్రమసంఖ్య లేకపోతే మాత్రం కవలల తంటాయే.

ఈ జ్ఞాపకశక్తి మావంటి వారికి ప్రమాదం కూడా. ఉదయం అధ్యాపకుల సమావేశంలో ప్రొజెక్టరు మీద మార్కుల జాబితా తెరిచాం. తీగ పీకగానే అది ల్యాప్‌టాప్‌లోకి వచ్చి ఒదిగి కూర్చుంది. మూయడం మరిచి మధ్యాహ్నం అదే ప్రొజెక్టరు తగిలిస్తే, పిలవకుండానే వెళ్ళి అరవైమంది పిల్లల ఎదుట నిలబడగలదు. తీగ పీకబోయే ముందే విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి, ల్యాప్‌టాప్ తెర ఒక్కటే ఎంచుకోవడం మేలు. జాబితా మూసేయడం ఇంకా మేలు.