ఒడ్డే అసలు పరీక్ష

ఉర్దూ కవిత్వంలో కిశ్తీ ఉన్నచోట సాహిల్ కూడ ఉంటుంది. తెలుగు కవిత్వంలోను నావకు తీరమే గమ్యం. రెండు భాషలలోను సముద్రమంటే ఆపద, తీరమంటే అభయం. కవులకు ఈ పోలిక ఎంతో ఉపకరించినది. కాని శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు ఇసుక తీరాలలో జీవించే మత్స్యకారుని అడిగినచో, చిన్న పడవకు నడిసముద్రంకంటె ఒడ్డే ప్రమాదకరమని చెప్పగలడు. లోతునీటిలో కెరటం పడవను ఎత్తి దించుతుంది. ఒడ్డు సమీపంలో అదే కెరటం విరిగి, పడవను నేలకు వేసి కొడుతుంది. కనుక పడవ ఎంత గట్టిది అన్న ప్రశ్నకు సమాధానం దానిని తయారుచేసిన కర్మాగారంలో గాక, అది దిగే తీరంలో వెదకవలసి ఉన్నది. ఈ సత్యాన్ని మన సాంకేతిక విద్య తగినంతగా గుర్తించలేదని మా అభిప్రాయం.

కెరటం విరగడానికి కారణం తెలిసినదే. దాని ఎత్తు నీటిలోతులో సుమారు ఐదింట నాలుగు వంతులకు చేరగానే పైభాగం ముందుకు ఒరిగి కూలుతుంది. ఒక మీటరు ఎత్తుగల కెరటం మనిషి రొమ్ములోతు నీటిలోనే విరుగుతుందన్నమాట. పైగా కెరటాలన్నీ ఒకే తీరుగా రావు. కొన్ని పెద్దవి వరుసగా వచ్చిన పిమ్మట కొంత విరామం దొరుకుతుంది. నేర్పరియైనవాడు కెరటాలు విరిగేచోటికి ఆవల నిలిచి, పెద్ద వరుస దాటిపోయిన పిదప, ఒక కెరటం వెనుకనే దాని వీపున ఒడ్డు చేరుతాడు. తొందరపడి ముందుకు దూకినవాని పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ బోల్తాపడక మానదు.

ఈ దెబ్బను మన పూర్వులు ఎట్లు ఎదుర్కొన్నారు? కోరమండల్ తీరంలోని మసులా పడవ అందుకు చక్కని సమాధానం. దాని పలకలను మేకులతో బిగించలేదు. కొబ్బరిపీచు తాళ్లతో కుట్టినారు. లోపల గట్టి వాసాలు కూడ లేవు. పడవ ఇసుకను తాకినప్పుడు కుట్లు కొంత సాగి, పలకలు కొంత కదలి, ఆ దెబ్బ పడవ అంతటా పంచుకొనబడేది. మద్రాసులో ఓడరేవు నిర్మింపబడక పూర్వం యూరపు ఓడల ప్రయాణికులను, సరకులను ఒడ్డుకు చేర్చినవి ఇవే. ఓడల వెంటవచ్చిన దృఢమైన పడవలు ఆ కెరటాలలో పనికిరాలేదు. కుట్టు తెగినచో పడవవాడే తిరిగి కుట్టుకొనేవాడు. లొంగుబాటు ఒక బలం, మరమ్మతు సౌలభ్యం మరొక బలం.

లోకంలో మరొక మూల గ్రీన్‌లాండు వాసులు ఇదే సూత్రాన్ని కనుగొన్నారు. సముద్రం కొట్టుకొని తెచ్చిన కర్రలను నరాలతో కట్టి, సీలు చర్మం తొడిగి వారు చేసిన పడవయే నేటి కయాక్‌కు మూలం. ఆస్కార్ స్పెక్ అనే జర్మను యువకుడు 1932లో ఉల్మ్ నగరం నుండి, కర్రచట్రానికి గుడ్డ తొడిగిన మడత కయాక్‌లో బయలుదేరి, భారతదేశపు తీరాల వెంబడి కూడ ప్రయాణించి, 1939లో ఆస్ట్రేలియాకు చెందిన టారెస్ జలసంధి దీవులను చేరినాడు. దారిలో పడవలను మార్చుకొనవలసి వచ్చినది. లొంగే పడవ కూడ అరుగుతుంది. అరగని పడవ లేదు.

ఇప్పుడు మన తీరాన్ని చూడండి. తెప్పలకు తగిన దుంగలు కరవైనవి. 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాతం కార్యక్రమం, ఇసుకతీరాలలో దిగగల ఫైబర్ పడవలపై ప్రయోగాలు చేసినది. ఒడ్డు చేరేవేళ పైకెత్తుకొనగల ఇంజను పంకా కూడ ఆ కృషిలో భాగమే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం తూర్పుతీరమంతటా ఫైబర్ పడవలు విరివిగా పంపిణీ అయినవి. ఫైబర్‌కు పురుగు పట్టదు, కుళ్లదు, బరువు తక్కువ. ఈ మేళ్లను మేము కాదనము. తిరిగి దుంగలకు పోవలెనని కూడ మేము చెప్పడం లేదు.

కాని ఫైబర్ స్వభావం వేరు. గాజునార పొరలను పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి గట్టిపరచగా ఏర్పడినదే ఈ దేహం. పైనుండే జెల్‌కోట్ అనే నున్నని పూత మిల్లీమీటరులో సగం మందమే ఉంటుంది. రోజూ ఇసుకపై ఈడ్చగా అడుగున ముందుగా అరిగేది అదే. ఆ పూత పోయినచోట నీరు నారకు చేరుతుంది, పొరలు క్రమంగా విడిపోతాయి. రాతికి తగిలిన దెబ్బ బయటికి సన్నని గీతగా కనిపించినా, లోపల అరచేతి వెడల్పున పొరలు ఊడి ఉండవచ్చును.

కెవ్లార్ నార చిరగడం కష్టం, కాని అరిగినచోట పీచులేస్తుంది. కార్బన్ నార ఎంతో బిగువైనది, కాని పదునైన దెబ్బకు పగులుతుంది. పాలిథీన్ కయాక్ రాళ్లపై జారిపోగలదు, కాని దానికి జిగురు సరిగా అంటదు. సర్వగుణ సంపన్నమైన పదార్థం లేదు. అందువలననే కయాక్ నడిపేవారు అడుగున అదనపు పట్టీ వేసుకొంటారు. పడవ నేలను తాకకముందే మోకాలిలోతు నీటిలో దిగిపోతారు. కాని వారు వినోదార్థులు. దిగే తీరాన్ని, దినాన్ని ఎంచుకొనగలరు. మత్స్యకారునికి ఆ స్వేచ్ఛ లేదు. చేపలు, వలలు, ఇంజను బరువుతో ప్రతిదినం అదే ఒడ్డున దిగవలసినదే.

పడవను మరింత మందంగా చేసిన చాలదా అని కొందరు అడుగవచ్చును. మందం పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే నేలకు తగిలే దెబ్బ పెరుగుతుంది, ఒడ్డుకు లాగడానికి మరిద్దరు మనుషులు కావలసి వస్తారు. అడుగున నడిమి భాగానికి, ముందు కొసకు మాత్రమే అదనపు పొరలు వేయడం వివేకం. అంతకంటె ముఖ్యమైనది మరమ్మతు. దెబ్బతిన్నచోట ఉప్పును మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఊడిన పొరలు పోయేవరకు గీకి, అంచులను ఏటవాలుగా నునుపుచేసి, కొత్త పొరలు వేయవలెను. హార్డెనర్ సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లు మించరాదు. తడిమీద వేసిన అతుకు నిలువదు. పగులుపై రంగు పూయడం రోగాన్ని దాచడమే.

ఈ పని నేర్చుకొనడానికి పెద్ద చదువు అక్కరలేదు. అయినను పడవను ఇచ్చినవారు ఈ విద్యను ఇవ్వరేమి? పడవ ఒడ్డున పడి ఉన్నన్నాళ్లు ఆ ఇంట పొయ్యి ఎట్లు వెలుగుతుంది? పడవ ఖరీదులో కొంతభాగం మరమ్మతు శిక్షణకు, సామగ్రికి కేటాయింపని ఏ పథకమైనా సగం పథకమేనని మేము భావిస్తున్నాము.

మన కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఇది. రసాయన, భౌతికశాస్త్ర విభాగాలు కలసి, సెలవులలో ఫైబర్ మరమ్మతుపై స్వల్పకాలిక శిక్షణను ప్రారంభింపవలెను. అందులో మన విద్యార్థులతోపాటు మత్స్యకార యువకులకు చోటివ్వవలెను. రెజిన్ ఎందుకు గట్టిపడుతుందో మన అధ్యాపకులు చెప్పగలరు. కెరటాన్ని చదవడమెట్లో అనుభవజ్ఞులైన మత్స్యకారులే చెప్పవలెను. వారిని అతిథులుగా గాక గురువులుగా పిలువవలెను.

విద్యార్థులారా! పట్టా చేతికి రావడంతో చదువు ఒడ్డు చేరినట్లు కాదు. అది పరుల జీవితానికి తాకినప్పుడు పగులక నిలిచినదా, పగిలినచో మన చేతులతో బాగుచేసుకొనగలిగితిమా అన్నదే దాని నాణ్యతకు గీటురాయి.